టైంటేబుల్ చూసి ఎంచిన బోర్డు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పిల్లల పియానో పరీక్షలకు ఏ బోర్డు మంచిదో తేల్చింది రైల్వే టైంటేబుల్. ఈ మాట చెప్తే విన్నవాళ్ళు పకపకా నవ్వుతారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నేనూ చాలామందిని నవ్వించాను. నవ్వులయ్యాక చెప్పవలసిన రెండో సగం మాత్రం ఇన్నేళ్ళుగా మింగేస్తూ వచ్చాను. ఆ టైంటేబుల్ తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో ఇప్పుడు రాస్తాను.

మా నాన్న గూడ్స్ గార్డు. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. అలాంటి ఇళ్ళు కాలనీలో వీధికి నాలుగు ఉండేవి. మా ఇళ్ళలో హార్మోనియమే గొప్ప, పియానో మాట ఎవరికి తెలుసు? అది రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. ఇన్‌స్టిట్యూట్ అంటే ఉద్యోగుల క్లబ్బు. చెక్క నేల వేసిన పెద్ద హాలు, పక్కన క్యారమ్స్ గది, ఆదివారం సాయంత్రం తంబోలా. ఆ హాలు మూలలో తెల్లదొరల నాటి నల్ల పియానో. వానలు పడితే దాని మెట్లు ఉబ్బిపోయి నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయేవి. పురుగు పట్టకుండా లోపల నాఫ్తలిన్ ఉండలు వేసేవాళ్ళం. హాలంతా బట్టల బీరువా వాసన వచ్చేది.

నాకు నేర్పింది ఒక ఆంగ్లో ఇండియన్ మిస్. పెద్దావిడ, పెళ్ళి చేసుకోలేదు, కోపం వస్తే స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఆవిడే నన్ను కలకత్తా తీసుకెళ్ళి ఏడాదికో గ్రేడు చొప్పున పరీక్షలు ఇప్పించింది. ఐదో గ్రేడు వరకూ బాగానే గడిచింది. ఆరో గ్రేడుకు పోవాలంటే ఆ బోర్డుకు ఒక నియమం ఉంది. ముందు థియరీ పరీక్ష పాసవ్వాలి. థియరీ అంటే పియానో ఊసు లేకుండా బల్ల ముందు కూర్చుని రాసేది. ఒక శ్రుతిలో ఉన్న పాటను మరో శ్రుతిలోకి మార్చి ఐదు గీతల మీద రాయమంటారు, స్వరాల మధ్య దూరాలు లెక్కగట్టమంటారు. రెండేళ్ళు వరసగా రాశాను. రెండుసార్లూ తప్పాను. మూడో ఏడు చూద్దాం అంది మిస్. మూడో ఏడు రాకముందే ఆవిడ అన్నగారి కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. మిస్ వెళ్ళిన నెలకే ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చి తమ పిల్లలకు నేర్పమన్నారు. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ హాలు తాళం ఒకటి నాకిచ్చాడు. "ఎనిమిది గ్రేడులూ చేసినావిడ" అని అతనే అందరికీ చెప్పాడు. నేను ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు. మొదటిసారి విన్నప్పుడు ముఖం వేడెక్కింది, నాలుగోసారికి అలవాటైపోయింది. ఏడాది తిరిగేసరికి నా చేతికింద పదకొండు మంది పిల్లలు, బజారులో కనపడితే నమస్కారాలు పెట్టే తండ్రులు.

ఆ పదకొండు మందిలో ఒక్క పిల్ల గురించే ఇదంతా. వాళ్ళ నాన్న డీజిల్ షెడ్‌లో ఫిట్టరు, పాలకొండ దగ్గరి వాడు. పిల్ల నల్లగా, సన్నగా, పొడుగాటి వేళ్ళతో ఉండేది. మధ్యాహ్నం ఎండలో క్యారమ్స్ ఆడేవాళ్ళు కూడా లేని వేళ చూసుకుని వచ్చి రెండు గంటలు సాధన చేసేది. ఇంట్లో పియానో లేదు కదా, ఆ రెండు గంటలే ఆమె సొత్తు. పెద్దయ్యాక స్కూల్లో మ్యూజిక్ టీచరు అవుతానని పదమూడో ఏటనే నాతో అంది. అనడమే కాదు, ఏ స్కూళ్ళలో పియానో ఉందో పేర్లు రాసుకుని పెట్టుకుంది. ఇప్పుడామె అర్పా నది దాటి సర్కండాలో ఉంటోంది. లెక్కల ట్యూషన్లు చెప్తుందట. పియానో ముట్టుకుని చాలా ఏళ్ళయిందని వాళ్ళ చెల్లెలు చెప్పింది.

ఎనభైల చివర్లో ఒక వేసవి. పిల్లలను పరీక్షలకు పంపండి అని తల్లిదండ్రులు పట్టుబట్టారు. రైల్వే వాళ్ళకు పరీక్ష లేని చదువు చదువే కాదు. రెండు బోర్డులు ఉన్నాయని తెలుసు, రెంటికీ ఉత్తరాలు రాశాను. రెండూ విదేశీవే, రెంటికీ పరీక్షకులు అక్కడి నుంచే వస్తారు. ఒకదాని కేంద్రం కలకత్తాలో, నేను తప్పిన బోర్డు అదే. రెండోదాని కేంద్రం నాగపూర్‌లో. పెద్ద గ్రేడులకు వెళ్ళడానికి రెండోదానికి థియరీ అక్కర్లేదు, అంతే తేడా. బడుల వాళ్ళు టీచర్లను తీసుకునేటప్పుడు కలకత్తా బోర్డు థియరీ అడుగుతారని మిస్ నాతో ఎన్నిసార్లో అంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని ఎవరైనా అనుకుంటారేమోనని ఈ వాక్యం రాస్తున్నాను.

కలకత్తా బోర్డు ఎంచితే నేను థియరీ చెప్పాలి. చెప్పలేను. పిల్లలు వరసగా తప్పుతారు, అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, మీరెప్పుడు పాసయ్యారు టీచరమ్మా అని. రెండు వారాలు ఈ ప్రశ్న నా చెవిలో మోగుతూనే ఉంది. చివరికి ఒక ఆదివారం పొద్దున అందరినీ హాల్లోకి పిలిచాను. బల్ల మీద రెండు బోర్డుల పుస్తకాలూ పెట్టాను. వాటి పక్కన నాన్న సంచిలోంచి తీసిన టైంటేబుల్ కూడా పెట్టాను. గది నిండా రైలు మనుషులు ఉంటే ఆ మూడింటిలో చెయ్యి దేని మీదికి పోతుందో నాకు తెలుసు.

"ముందు ఈ గ్రేడుల సంగతి సెప్పండి," అన్నాడు పట్టాలు మార్చే ఒక పాయింట్స్‌మన్. "మా రైల్వేలో క్లాస్ వన్ అంటే ఆఫీసరు, క్లాస్ ఫోర్ అంటే మేం. మా గుంటడు ఒకటో గ్రేడులో ఉన్నాడు. వాడిని ఎనిమిదికి దింపేస్తారేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇక్కడ ఎనిమిదే పెద్దదని చెప్పాను.

"ఈ రెండిట్లో సీనియర్ ఏది?" అన్నాడు ఇంకొకాయన.

"రెండూ ఒకటే సీనియారిటీ," అన్నాను. నోరు తడబడలేదు.

"కలకత్తా అంటే కలకత్తాయే కదండీ, పేరుంటాది," అంది వెనక నుంచి ఒకావిడ.

నేను తొందరపడకుండా టైంటేబుల్ ముందుకు జరిపాను. "కలకత్తా అయితే రాత్రంతా ప్రయాణం, అక్కడ ఒకరోజు బస. నాగపూర్ అయితే తెల్లారి దిగి, పరీక్ష ఇచ్చి, సాయంత్రం బండెక్కేయొచ్చు. మీకు ఎలా వీలో మీరే చూడండి."

ఇంక నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో పుస్తకం తెరవకుండానే చెప్పేవాళ్ళు, అంతా ఆ టైంటేబుల్ మీద పడ్డారు. కలకత్తా బండి రాయ్‌గఢ్ దగ్గర రోజూ లేటని ఒకడు, నాగపూర్ బండికి గోందియాలో ఇంజను మారుతుందని ఇంకొకడు. ఏడాదికి ఇన్ని అని వచ్చే ఉచిత పాసుల్లో ఒకటి ఎండాకాలంలో ఊరికి పోవడానికే సరిపోతుంది కనుక ఇంకొకటి దేనికి వాడాలన్నది పెద్ద చర్చ. నాగపూర్‌లో స్టేషను నుంచి నడిచి పోయేంత దూరంలో పరీక్ష హాలు ఉందనేసరికి అంతా ఒక మాట మీదికి వచ్చేశారు. బోర్డుల పుస్తకాలు బల్ల మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

వాటిని తెరిచింది ఆ పిల్ల ఒక్కతే. వాళ్ళ నాన్న వెనక నిలబడి పేజీలు తిప్పుతోంది.

"టీచర్," అంది. "కలకత్తా బోర్డులో థియరీ పేపర్ ఉంది. వో భీ తో అచ్ఛా హై నా, అదీ మంచిదే కదా? రాయడం కూడా వొచ్చేస్తాది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పిల్ల నన్నే పట్టుకుందనిపించింది. ఒళ్ళు మండింది.

"కాగితం మీద రాస్తే వేళ్ళు కదులుతాయా?" అన్నాను గట్టిగా. "ముందు నీ ఎడమచెయ్యి సరిగ్గా పడనీ. తర్వాత బోర్డులకు వంకలు పెడుదువు గాని."

పిల్ల పుస్తకం మూసేసింది. వాళ్ళ నాన్న ఆమె నెత్తిన చిన్నగా మొట్టాడు. "టీచరమ్మ సెప్పాక మద్దెన నువ్వేటే?" అని, నా వైపు తిరిగి, "మీరు ఏటంటే అదే టీచరమ్మా, దీనికేటి తెలుసు," అన్నాడు. ఆ రోజు నుంచి కాలనీలో వాటికి నాగపూర్ బోర్డు, కలకత్తా బోర్డు అనే పేర్లే ఉండిపోయాయి.

తర్వాతి ఏళ్ళు హాయిగా గడిచాయని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ హాయిగానే గడిచాయి. ఏటా పదిమందిమి కలిసి నాగపూర్ బండెక్కేవాళ్ళం. పూరీలు, బంగాళాదుంప కూర, మామిడికాయ ఆవకాయ. వేళ్ళు బిగుసుకుపోకుండా పిల్లలు సీట్ల అంచుల మీద స్కేల్స్, అంటే స్వరాల వరసలు, వాయించేవాళ్ళు. ఆ పిల్ల ఆరో గ్రేడు, ఏడో గ్రేడు మంచి మార్కులతో దాటింది. ఆమె సర్టిఫికెట్లను ఇన్‌స్టిట్యూట్ గోడకు అద్దాలు కట్టించి పెట్టారు, కింద నా పేరుతో. ఎవరైనా చూస్తున్నప్పుడు నేను అక్కడే ఏదో పని కల్పించుకుని తిరిగేదాన్ని.

ఏడో గ్రేడు అయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నోట్‌బుక్ కాగితం ఒకటి తెచ్చింది. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ దగ్గర ఏదో థియరీ పుస్తకం చూసిందట. అందులోంచి ఒక లెక్క తన చేత్తోనే ఎక్కించుకు వచ్చింది. నాలుగు వరసల పాట ఇచ్చి, మరో వాద్యం వాయించేవాడి కోసం శ్రుతి మార్చి రాయమని.

"ఇది ఎలా చేయాలి టీచర్? నాకు రాట్లేదు."

నేను రెండుసార్లూ తప్పిన లెక్క అచ్చం అదే. "ఇక్కడ పెట్టి వెళ్ళు, తీరిగ్గా చూస్తాను," అన్నాను. ఇంటికి వెళ్ళి దాంతో కుస్తీ పట్టాను. రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికి ఇదే అయ్యుంటుందిలే అనుకున్నదాన్ని సిరాతో అందంగా ఎక్కించాను. మర్నాడు ఆమె చేతిలో పెట్టి, "ఇదిగో. మన బోర్డుకు ఇవేమీ అక్కర్లేదు. ఊరికే టైం పాడుచేసుకోకు," అన్నాను. ఆమె కాగితం వంక కాసేపు చూసింది. మడిచి సంచిలో పెట్టుకుంది. "థాంక్యూ టీచర్," అంది. మళ్ళీ ఎప్పుడూ థియరీ ఎత్తలేదు. నేను గట్టెక్కాననుకున్నాను.

ఎనిమిదో గ్రేడు పాసయ్యాక, ఆమె కాలేజీ చివరి ఏడాదిలో ఉండగా, రాయపూర్ దాటి ఉండే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో ఒక స్కూలు వాళ్ళు మ్యూజిక్ టీచరు కావాలని పేపర్లో వేశారు. చిన్నప్పుడు ఆమె రాసుకున్న పేర్లలో ఆ స్కూలు ఉంది. వాళ్ళ నాన్నకు షెడ్‌లో డ్యూటీ. "మీరు ఎల్తే నాకు ధైర్యం టీచరమ్మా," అన్నాడు. నేను కొత్త చీర కట్టుకుని మరీ బయల్దేరాను. ఆమె గెలిస్తే ఆ గెలుపు నాదే అనుకుంటూ వెళ్ళాను.

ప్రిన్సిపల్ నెమ్మదైన మనిషి. హాల్లో కూర్చోబెట్టి వాయించమంది. ఆ పిల్ల అంత బాగా వాయించడం నేనూ ఎప్పుడూ వినలేదు. మూడు పాటలయ్యాక ప్రిన్సిపల్ చప్పట్లు కొట్టింది, టీ తెప్పించింది. సర్టిఫికెట్లు ఒక్కొక్కటే చూసి, ఏదో వెతుకుతున్నట్టు మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది.

"థియరీ ఏదమ్మా?" అంది. "మా పిల్లలంతా ఇంకో బోర్డు పరీక్షలు రాస్తారు. ఆరో గ్రేడుకు వెళ్ళాలంటే వాళ్ళకు థియరీ కావాలి. అది చెప్పగలిగినవాళ్ళనే తీసుకోవాలి నేను. ఇంత చక్కగా వాయిస్తావు, ఆ బోర్డు ఎందుకు రాయలేదు?"

"కలకత్తా దూరం మేడమ్," అంది ఆ పిల్ల. "రైళ్ళు కుదరలేదు."

ప్రిన్సిపల్ నవ్వింది. పరిహాసంగా కాదు, అర్థంకాక. "బిలాస్‌పూర్ నుంచి కలకత్తాకు రైళ్ళు కుదరలేదా? మీ నాన్నగారు రైల్వేలోనే అన్నావు కదా?" అని నా వైపు తిరిగింది. "మీరు టీచరు కదండీ. మీరైనా చెప్పలేదా?"

నేను టీ కప్పు బల్ల మీద పెట్టి, సాసర్ సరిగ్గా జరుపుకున్నాను.

"టీచర్ చెప్పారు మేడమ్," అంది ఆ పిల్ల. "నేనే వినలేదు."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కాదు మేడమ్ అని రెండు ముక్కలు అంటే చాలు. ప్రిన్సిపల్ ఆమెకేసి జాలిగా చూసి, థియరీ పాసయ్యాక మళ్ళీ రమ్మంది, అప్పటికి ఖాళీ ఉంటే చూద్దామంది. ఖాళీ ఉండదని ముగ్గురికీ తెలుసు. మేం టీ తాగి బయటికి వచ్చాం.

తిరుగు ప్యాసింజర్‌లో కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. భాటాపారా దాటింది. ఆమె ఏడ్చి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేదేమో. ఏడవలేదు. సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తోంది. దగోరీ దాటాక నేను ఆపుకోలేకపోయాను.

"నేను థియరీ తప్పాను," అన్నాను. "రెండుసార్లు. ఆరో గ్రేడు కూడా లేదు నాకు."

"తెలుసు టీచర్," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ సెప్పలేదు. ఆ రోజు మీరు లెక్క చేసిచ్చారు కదా. ఆ బుక్ వెనకాల ఆన్సర్స్ ఉన్నాయి." "సగం తప్పు టీచర్."

అంటే నాలుగేళ్ళ నుంచి తెలుసు. నేను గోడ మీద సర్టిఫికెట్ల ముందు తచ్చాడుతున్నప్పుడు తెలుసు. నాగపూర్ బండిలో నేను అందరికీ పూరీలు పంచుతూ మిస్ గురించి గొప్పలు చెప్తున్నప్పుడు తెలుసు.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదే? మీ నాన్నకు చెప్పి కలకత్తాకు రాసి ఉండొచ్చు కదా?"

"ఏటని సెప్పను టీచర్? టీచర్‌కి రాదు అని సెప్పాలి. అప్పుడు మీ దగ్గరికి ఎవరొస్తారు? చెల్లి కూడా మీ దగ్గరే నేర్చుకుంటంది." ఆమె గొంతులో కోపం లేదు. పోనీ కోపమైనా ఉంటే బాగుండునని నాకు అనిపించింది. "ఒక్కదాన్నే రాసుకుందామనే చూశాను. బుక్ చూసి కొంచెం కొంచెం వొచ్చింది. కలకత్తా బోర్డు ఫారం మీద టీచర్ సంతకం కావాలన్నారు. మీ దగ్గరికి ఎలా తేను?"

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదహారేళ్ళప్పుడే ఆ పిల్ల తనకు రావలసిన ఉద్యోగాన్ని తీసి నా పరువు మీద కప్పింది. నేను ఆ నాలుగేళ్ళూ దాని కింద వెచ్చగా నిద్రపోయాను. ఆమె చేతులు పట్టుకున్నాను. "దిగగానే మీ నాన్నకు నేనే చెప్తాను. అంతా చెప్తాను. తప్పు నాదని చెప్తాను," అన్నాను. నిజంగానే అన్నాను. చకర్‌భాటా దగ్గర బండి ఆగి ఉన్నంతసేపూ ఆ మాటలు మనసులో వరస పెట్టుకున్నాను. నాగపూర్ ఎంచింది బండి కోసం కాదు, నా కోసం అని మొదలుపెట్టాలనుకున్నాను.

"మీ ఇష్టం టీచర్," అంది ఆమె.

బిలాస్‌పూర్‌లో వాళ్ళ నాన్న డ్యూటీ దిగి ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు, నీలం యూనిఫారం మీద గ్రీజు మరకలతో. మమ్మల్ని చూడగానే పరుగున వచ్చాడు.

"ఏటయ్యింది? ఏటన్నారు?"

ఆమె నా వైపు చూసింది. ఎదురు చూసింది. చుట్టూ కాలనీ వాళ్ళు, కూలీలు, నాకు నమస్కారం పెడుతూ వెళ్ళిన ఒక గార్డు. నేను చీర కొంగు సర్దుకున్నాను, సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఆమె చూడవలసినంతసేపు చూసి తల తిప్పుకుంది.

"రాలేదు నాన్నా," అంది. "నేనే సరిగా వాయించలేదు."

ఆయన ముఖం పాలిపోయింది. నా ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"ఏటనుకోకండి టీచరమ్మా. ఇన్నేళ్ళు మీరు ఇంత కష్టపడి నేర్పితే, మా గుంట మీ పేరు నిలబెట్టలేకపోయింది. దాన్ని క్షమించండి."

"పర్వాలేదులెండి," అన్నాను నేను.